బొమ్మ కారుకి దీపం, గొంతు: 1:18 డైకాస్ట్ మోడల్‌కి లైట్లు, సౌండ్ పెట్టుకోవడం ఎలా

డైకాస్ట్ కారుకి, అంటే లోహాన్ని అచ్చుపోసి చేసిన బొమ్మ కారుకి, లైట్లు పెట్టడంలో కరెంటు పని పావు వంతే. మిగతా ముప్పావూ దాచే పని. తీగ కనపడకూడదు, వెలుతురు రాకూడని చోట రాకూడదు, లోహపు బాడీ ఏ తీగకీ తగలకూడదు. ఇది తెలియక నా మొదటి కారుకి దుకాణంలో దొరికిన వాటిలోకెల్లా కాంతివంతమైన తెల్ల ఎల్‌ఈడీలు పెట్టాను. స్విచ్ వేస్తే హెడ్‌లైట్లు సరే, బానెట్ సందుల్లోంచి, డ్యాష్‌బోర్డు కిందనుంచి, చక్రాల గూళ్లలోంచి కూడా వెలుతురు కారింది. కారులా లేదు, చవితి పందిట్లో సీరియల్ సెట్టు కుక్కిన రేకు డబ్బాలా ఉంది. మర్నాడు మళ్లీ విప్పేసరికి ఒక తీగ బాడీకి ఒరుసుకుని ఒక ఎల్‌ఈడీ మాడిపోయి కనపడింది. అందుకే ఇక్కడ సర్క్యూట్ గురించి కొంత, ఆ దాచే పని గురించి ఎక్కువ చెబుతాను.

ఉదాహరణకి 1951 నాటి వోక్స్‌వాగన్ బీటిల్, 1:18 మోడల్, అంటే అసలు దానిలో పద్దెనిమిదో వంతు సైజుది, తీసుకుంటున్నాను. అసలు కారు నాలుగు మీటర్ల పైచిలుకు, మోడల్ 22, 23 సెంటీమీటర్లుంటుంది. లోపల చెయ్యి ఆడుతుంది, హెడ్‌లైట్లు గుండ్రంగా పెద్దవిగా ఉంటాయి, మొదటిసారి చేసేవాళ్లకి ఇంతకంటే సుళువైన కారు లేదు. మీ దగ్గరున్నది వేరే కారైనా పద్ధతి ఇదే. 1:24 కూడా ఫర్వాలేదు. 1:64 సంగతి వేరు, చివర్లో చెబుతాను. ఒక్క మాట ముందే: విప్పిన మోడల్‌కి కలెక్టర్ల దగ్గర విలువ ఉండదు. పెట్టె కూడా తెరవని ఖరీదైన మోడల్‌తో మొదలుపెట్టకండి. గీతలు పడ్డదో, అద్దం విరిగిందో ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోండి.

ముందు అసలు కారుని చూడండి

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించే ముందు ఆ ఏడాది అసలు కారు ఫొటోలు నాలుగు వైపుల నుంచీ సంపాదించండి. ఎక్కడ ఏ దీపం ఉండేది, ఏ రంగులో, ఎంత వెలుగుతో అన్నది కాగితం మీద రాసుకోండి. ఇది చాదస్తం కాదు. 1951 బీటిల్‌కి వెనక రెండు చిన్న ఎర్ర దీపాలున్నా బ్రేక్ లైట్ మాత్రం ఒక్కటే, అదీ నంబర్ ప్లేటు పైనున్న దీపం గూట్లోనే. మినుకు మినుకుమనే ఇండికేటర్లు అసలు లేవు. తలుపు వెనక స్తంభంలోంచి చిన్న చెయ్యిలాంటి సెమాఫోర్ బయటికొచ్చి లోపల దీపంతో వెలిగేది. ఈ కారుకి నాలుగు మూలలా పసుపు లైట్లు మిటకరిస్తే తెలిసినవాళ్లు నవ్విపోతారు.

ఇంకో ముఖ్యమైన విషయం. అప్పటి బీటిల్‌ది 6 వోల్టుల బ్యాటరీ. 1960ల మధ్య దాకా వాళ్లు 12 వోల్టులకి మారలేదు. దాని హెడ్‌లైట్లు పసుపు పచ్చగా, నీరసంగా ఉండేవి. కాబట్టి మీక్కావలసింది వార్మ్ వైట్ ఎల్‌ఈడీ, అదీ బాగా తగ్గించి. నీలం ఛాయ కొట్టే కూల్ వైట్ ఈ కాలపు కార్లకి పెట్టుకోండి. మన అంబాసిడర్‌కైనా, ప్రీమియర్ పద్మినికైనా వార్మ్ వైటే నప్పుతుంది.

సామాను

హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఒక గంట తిరిగితే ఇవన్నీ దొరుకుతాయి. చెన్నైలో రిచ్చీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్ అలాంటివే. లేదంటే ఆన్‌లైన్.

3 మి.మీ. వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు, 3 మి.మీ. ఎర్రవి తలా నాలుగు తీసుకోండి. రెండు మాడినా రెండు మిగలాలి. బ్రేక్ లైట్‌కి, నంబర్ ప్లేటుకి ముందే తీగ అతికించి అమ్మే 0603 లేదా 0805 సైజు ఎస్‌ఎమ్‌డీ (కాళ్లు లేని బుల్లి) ఎల్‌ఈడీలు. 0603 అంటే 1.6 మి.మీ. పొడవు, 0.8 వెడల్పు, ఆవగింజంత. దానికి మనం స్వయంగా టంకం పెట్టాలంటే భూతద్దం, ఓపిక రెండూ కావాలి. తీగ ఉన్నవే కొనండి, ఇందులో నామోషీ ఏమీ లేదు. కరెంటుని తగ్గించే రెసిస్టర్లు 330, 470, 1కె, 2.2కె, 4.7కె ఓమ్‌లవి పదేసి, ఒక 10కె పొటెన్షియోమీటర్ (తిప్పితే ఓమ్‌లు మారే రెసిస్టర్), కరెంటుని కాసేపు నిలవ ఉంచే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్లు కొన్ని, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్న సోల్డర్, మల్టీమీటర్, వేడి తగిలితే ముడుచుకుని తీగని పట్టేసే హీట్ ష్రింక్ స్లీవ్. తీగ కోసం మోటార్ రివైండింగ్ షాపుకి వెళ్లి సన్న వైండింగ్ వైర్ అడగండి. 0.2 మి.మీ. తీగ కొన్ని గ్రాములు ఇచ్చినా పది కార్లకి సరిపోతుంది. దాని మీదున్న ఎనామిల్ పూతే ఇన్సులేషన్. చివర టంకం పెట్టేముందు ఆ పూతని బ్లేడుతో గీకాలి, లేకపోతే టంకం పట్టదు.

సౌండ్‌కి ఎంపీ3 ఫైళ్లు మోగించే డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న బోర్డు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, 8 ఓమ్‌ల చిన్న స్పీకర్. ఇవి కాక కారుని నిలబెట్టడానికి 4, 5 సెంటీమీటర్ల ఎత్తున్న బోలు చెక్క పీఠం. ఈ పీఠమే మన పనికి అసలు ఇల్లు.

విప్పడం

1:18 మోడళ్లకి అడుగున నాలుగు నుంచి ఆరు స్క్రూలుంటాయి. విప్పిన ప్రతి స్క్రూనీ కాగితం మీద కారు అడుగు బొమ్మ గీసి, అది వచ్చిన చోటే టేపుతో అంటించండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది పైకి పొడుచుకొచ్చి పెయింట్ లేపేస్తుంది. అడుగు భాగం, సీట్లున్న లోపలి తొట్టి, అద్దాలు, బాడీ విడివిడిగా వస్తాయి. ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫొటో తియ్యండి. ముక్కలకి ఖాళీ గుడ్ల అట్ట బాగా పనికొస్తుంది.

హెడ్‌లైట్ గాజులా కనపడేది పారదర్శకమైన ప్లాస్టిక్ లెన్స్. చాలా మోడళ్లలో దాని వెనక చిన్న మేకులాంటి కాడ ఉంటుంది. అది గిన్నెలాంటి వెండిపూత కప్పులోంచి లోపలికొచ్చి, అక్కడ కరిగించో జిగురు పెట్టో బిగించి ఉంటుంది. బయటి నుంచి చూస్తే హెడ్‌లైట్ మధ్యలో నల్లచుక్కలా కనపడేది ఈ కాడే. దాన్ని లోపలి వైపు నుంచి మెల్లగా కోసి, లెన్స్ బయటికి తోసి, కాడ మొదలంటా తీసేసి, ఆ మచ్చని సన్న ఎమరీ కాగితంతో నునుపు చెయ్యండి. కారు అందం ఈ ఒక్క పనితోనే సగం పెరుగుతుంది.

తర్వాత ఆ హెడ్‌లైట్ కప్పు వెనక రంధ్రం. చేతితో తిప్పే పిన్ వైజ్‌తో మొదట 1 మి.మీ., తర్వాత 2, ఆ తర్వాత 3. కరెంటు డ్రిల్ వాడితే బిట్ జారి ఫెండర్ మీద గీత పడేదాకా మీకు తెలియదు. బాడీ లోహం జమాక్, అంటే జింక్, అల్యూమినియం, కాస్త రాగి కలిసిన మిశ్రమం. మెత్తగానే తెగుతుంది, కానీ రజను సన్నగా లేస్తుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. పని అయ్యాక బ్రష్‌తో రజనంతా దులపండి. తీగకి ఎక్కడ టంకం పెట్టారో అక్కడే ఈ లోహపు పొడి చేరి షార్ట్ చేస్తుంది.

రెసిస్టర్ లెక్క, నా మాట

లెక్క చిన్నది. సరఫరా వోల్టేజీలోంచి ఎల్‌ఈడీ వోల్టేజీ తీసేసి, కావలసిన కరెంటుతో భాగించాలి. ఫోన్ ఛార్జర్ ఇచ్చేది 5 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీ సుమారు 3, ఎర్రది సుమారు 2 తీసుకుంటాయి. తెల్లదానికి 2 మిల్లీ ఆంపియర్లు చాలనుకుంటే 2 వోల్టుల్ని 0.002తో భాగిస్తే 1000 ఓమ్‌లు, అంటే 1కె.

ఎల్‌ఈడీ 20 మిల్లీ ఆంపియర్లు తట్టుకుంటుంది కదా, రెండే ఎందుకు అంటారా? అక్కడే అందరం పొరపాటు చేస్తాం. అరచేతిలో పట్టే కారుకి టార్చిలైటంత వెలుగు పెడితే కంటికి బొమ్మలాగే కనిపిస్తుంది. గది లైటు తీసేస్తే హెడ్‌లైట్ కాంతి ముందున్న టేబుల్ మీద అరచెయ్యి మేర పడాలి, మన కళ్లు మాత్రం చికిలించకూడదు. ఎంతో తేల్చుకోవడానికి సులువైన దారి: ఎల్‌ఈడీకి వరసలో ఒక 330 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత 10కె పొటెన్షియోమీటర్ కలిపి, సాయంత్రం వేళ గది చీకటి చేసి, లెన్స్ వెనక పట్టుకుని మెల్లగా తిప్పండి. బాగుందనిపించిన చోట ఆపి, కరెంటు తీసి, రెండూ కలిపి ఎన్ని ఓమ్‌లో మల్టీమీటర్‌తో చూసి, దానికి దగ్గరి రెసిస్టర్ పెట్టెయ్యండి. నా బీటిల్‌కి హెడ్‌లైట్ 2.2కె దగ్గర, వెనక దీపం 4.7కె దగ్గర ఆగింది.

ఇప్పుడు గట్టిగా చెప్పే మాట. రెసిస్టర్లు కారులో పెట్టకండి. అన్నీ పీఠంలోనే ఉండాలి. కారులో ఎల్‌ఈడీలు, తీగలు మాత్రమే. దీనికి ప్రతి ఎల్‌ఈడీకీ వేరే పాజిటివ్ తీగ కిందికి రావాలి, మొత్తం ఆరేడు తీగలవుతాయి, చికాకే. కానీ రేపు వెలుగు ఎక్కువైందనిపిస్తే కారు విప్పక్కర్లేదు, పీఠం అడుగు మూత తీస్తే చాలు. ఇంకా పెద్ద లాభం: కారులో ఏ తీగైనా బాడీకి తగిలి షార్టయినా, రెసిస్టర్ ముందే అడ్డంగా ఉంది కాబట్టి 1కె అయితే 5 మిల్లీ ఆంపియర్లకి మించి పారదు. ఒక దీపం ఆరుతుందేమో కానీ ఏదీ మాడదు.

తీగ లాగడం

నిజం కారులో బాడీయే నెగటివ్ తీగ. బ్యాటరీ నెగటివ్‌ని ఛాసీకి కలిపి, ప్రతి బల్బునీ దగ్గర్లోని లోహానికి బిగించేస్తారు. మోడల్‌లోనూ అలాగే చేద్దామని బుద్ధి పుడుతుంది, నాకూ పుట్టింది. వద్దు. బాడీకి లోపలా బయటా పెయింట్ ఉంటుంది, తలుపులూ బానెట్టూ కీళ్ల మీద వదులుగా ఆడతాయి, పైగా జమాక్‌కి మామూలు సోల్డర్ పట్టదు. అది దాదాపు 385 డిగ్రీల దగ్గర కరిగిపోయే లోహం. ఐరన్ మొన కూడా ఇంచుమించు అంత వేడి. పట్టించాలని అదిమి పెడితే టంకం అంటుకునేలోపు పెయింట్ బొబ్బలెక్కుతుంది. నెగటివ్‌కి కూడా తీగే వెయ్యండి, అన్ని ఎల్‌ఈడీల పొట్టి కాళ్లనీ ఒకే తీగకి కలపండి.

ఎల్‌ఈడీ కాళ్లని 4, 5 మి.మీ. వదిలి కత్తిరించి, తీగ అతికించి, ఒక్కో కాలికి విడిగా హీట్ ష్రింక్ తొడగండి. కత్తిరిస్తే పొడవు కాలు ఏదో తెలియదు కాబట్టి ముందే పాజిటివ్ తీగకి స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టుకోండి. అతికించిన ప్రతిదాన్నీ ఒక 3 వోల్టుల బిళ్ల బ్యాటరీతో వెలిగించి చూడండి. ఆ బిళ్ల బ్యాటరీ పని కాగానే డబ్బాలో పెట్టి మూత వెయ్యండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అది మింగడం ప్రాణాంతకం.

వెళ్లే దారి అంతా బాడీ లోపలి అంచు వెంబడే ఉండాలి. రెండు మూడు సెంటీమీటర్లకొకసారి కాప్టన్ టేప్ ముక్కతో అంటించండి, లేకపోతే మామూలు ఇన్సులేషన్ టేపైనా సరే. తలుపు కీళ్ల దగ్గర, ముందు చక్రాలు తిరిగే చోట తీగ అడ్డం రాకూడదు. తీగలన్నీ కారు మధ్యలో ఒకచోటికి చేర్చి, అడుగున 3 మి.మీ. రంధ్రం తొలిచి దించండి. రంధ్రం అంచు లోహం అయితే ముందు అందులో ఒక బాల్‌పెన్ను రీఫిల్ ముక్క దూర్చండి. ఆ గొట్టం లేకపోతే పదును అంచు ఎనామిల్‌ని గీకేస్తుంది. నాకు మాడిన ఎల్‌ఈడీ అక్కడిదే.

వెలుతురు కారకుండా

ఎల్‌ఈడీ ముందుకే కాదు, పక్కలకీ వెనక్కీ వెలుగుతుంది. దాని ముక్కు ఒక్కటే వదిలి మిగతా ఒళ్లంతా నల్ల నెయిల్ పాలిష్ పూయండి, ఆరాక ఇంకోసారి. ఆ పైన నల్ల హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే ఇంకా మంచిది. కప్పులో దూర్చాక వెనక మిగిలిన సందుల్ని బ్లూటాక్‌లాంటి మెత్తని ముద్దతో మూసి, దాని మీద నల్ల యాక్రిలిక్ వెయ్యండి. ముద్ద అయితే రేపు ఎల్‌ఈడీ మార్చాలన్నా సులువుగా ఊడుతుంది.

అల్యూమినియం ఫాయిల్ టేపు వెలుతురుని బాగా ఆపుతుంది, కానీ అది కరెంటుని పారనిస్తుందని మరిచిపోకండి. వాడితే కింద ఒక వరస ఇన్సులేషన్ టేపు తప్పదు.

లెన్స్ తిరిగి అతికించేటప్పుడు ఇన్‌స్టంట్ గ్లూ వాడొద్దు. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లని మంచులా పేరుకుంటుంది, తుడిస్తే పోదు. తెల్ల ఫెవికాల్ ఒక్క చుక్క, సూదిమొనతో అంచు చుట్టూ. ఆరితే కనపడదు, తప్పు జరిగితే తడిగుడ్డతో ఊడొస్తుంది.

వెనక దీపాలకి ఎర్ర లెన్స్ వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టండి. తెల్లది పెడితే గులాబీ రంగు వస్తుంది. మీ మోడల్‌లో వెనక దీపం లెన్స్ కాకుండా బాడీ మీద ఎర్ర పెయింట్ చుక్క మాత్రమే అయితే, అక్కడ తొలిచి ఒక చిన్న పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క దూర్చి, స్టేషనరీ షాపుల్లో దొరికే గ్లాస్ కలర్ ఎరుపు వెయ్యొచ్చు.

బ్రేకూ, ఇండికేటర్లూ

బీటిల్‌కి బ్రేక్ దీపం వేరే కాబట్టి గొడవ లేదు, ఒక ఎస్‌ఎమ్‌డీ ఎర్ర ఎల్‌ఈడీ, 1కె. చాలా కార్లలో వెనక దీపమే బ్రేక్ వేస్తే ఎక్కువ వెలుగుతుంది. దానికీ ఒకే ఎల్‌ఈడీ చాలు: హెడ్‌లైట్ స్విచ్ నుంచి 4.7కె ద్వారా ఒక దారి, బ్రేక్ బటన్ నుంచి 470 ఓమ్‌ల ద్వారా ఇంకో దారి, రెండూ అదే పాజిటివ్ కాలికి. ఒక దారి కరెంటు ఇంకో దారిలోకి వెనక్కి పోకుండా రెండింటికీ చెరొక 1ఎన్4148 డయోడ్.

ఇండికేటర్లున్న కారైతే ఆగి ఆగి కరెంటు ఇచ్చే 555 టైమర్ ఐసీ అనే చిప్ ఒకటి కొనండి. ఒకటో కాలు నెగటివ్‌కి, నాలుగూ ఎనిమిదీ పాజిటివ్‌కి, రెండూ ఆరూ కలిపేసి వాటి నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ నెగటివ్‌కి. పాజిటివ్ నుంచి ఏడో కాలికి 1కె, ఏడు నుంచి ఆరుకి 47కె. మూడో కాలు ఔట్‌పుట్. ఈ విలువలతో నిమిషానికి సుమారు 90 సార్లు మిటకరిస్తుంది. నిజం కార్లకి నియమం నిమిషానికి 60 నుంచి 120 మధ్య, కాబట్టి సరిగ్గా నడిమిన పడ్డాం. 5 వోల్టుల మీద 555 ఔట్‌పుట్ మూడున్నర వోల్టుల దగ్గరే ఉంటుంది, అందుకని పసుపు ఎల్‌ఈడీలకి 1కె బదులు 470 పెట్టండి. మధ్యలో ఆఫ్ ఉన్న మూడు దిక్కుల స్విచ్ ఒకటి పెడితే ఎడమ, కుడి అయిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న చిట్కా, ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పాత బల్బులు టక్కున వెలిగి టక్కున ఆరవు. లోపలి తీగ వేడెక్కాలి, చల్లారాలి. ఎల్‌ఈడీ అలా కాదు, రెప్పపాటులో పని కానిస్తుంది, అందుకే మోడల్ కృత్రిమంగా అనిపిస్తుంది. పీఠంలో, రెసిస్టర్ దాటిన తర్వాత, ఎల్‌ఈడీకి సమాంతరంగా ఒక 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపండి, గీత ఉన్న వైపు నెగటివ్‌కి. స్విచ్ వేస్తే హెడ్‌లైట్ నిదానంగా తేరుకుంటుంది, ఆపితే నెమ్మదిగా నిద్రపోతుంది. ఇండికేటర్లకి 470 మరీ ఎక్కువ, 100 చాలు. చూసినవాళ్లకి ఎందుకు బాగుందో చెప్పడం రాదు, బాగుందని మాత్రం అంటారు.

గొంతు

డీఎఫ్‌ప్లేయర్ మినీకి కంప్యూటర్ ప్రోగ్రాం రాయనక్కర్లేదు. 32 జీబీ వరకు ఉన్న కార్డుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఎంపీ3 ఫైళ్లకి 0001, 0002 అని నాలుగంకెల పేర్లు పెట్టి, ఆ వరసలోనే ఒక్కొక్కటిగా కాపీ చెయ్యండి. అన్నీ ఒకేసారి లాగి పడేస్తే వరస తారుమారవుతుంది, హారన్ నొక్కితే ఇంజన్ స్టార్టవుతుంది. బోర్డు మీద ఏడీకీ1 అనే కాలుని గ్రౌండ్‌కి తాకిస్తే మొదటి ఫైలు, ఏడీకీ2ని తాకిస్తే అయిదో ఫైలు మోగుతాయి. అంటే ఇంజన్ మొదటిది, హారన్ అయిదోది. ఈ బోర్డులు రకరకాల చిప్‌లతో వస్తాయి, అన్నీ అచ్చు ఒకేలా నడవవు, కాబట్టి అతికించే ముందు, టంకం లేకుండా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద ఒకసారి మోగించి చూసుకోండి.

స్పీకర్ తీగలు రెండూ స్పీకర్ కాళ్లకే, ఎస్‌పీకే1, ఎస్‌పీకే2. వాటి మధ్యలో గ్రౌండ్ కాలు కూర్చుని ఊరిస్తూ ఉంటుంది. స్పీకర్ ఒక తీగని దానికి కలిపితే యాంప్లిఫయర్‌కి మంచిది కాదు. బోర్డు కరెంటు కాళ్ల మీద 470 మైక్రోఫారడ్ ఒకటి వేస్తే సౌండ్ ఎత్తుకున్నప్పుడు లైట్లు తడబడవు.

శబ్దం ఎక్కడి నుంచి? మీ కారు లేదా మీకు తెలిసినవాళ్ల కారు దొరికితే ఫోన్‌తో మీరే రికార్డు చెయ్యండి, గాలి లేని చోట, ఎగ్జాస్ట్‌కి రెండడుగుల దూరంలో, పక్కకి. గొట్టానికి ఎదురుగా పెడితే గాలి కొట్టి బరబర తప్ప ఏమీ రాదు. బీటిల్‌ది గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజన్, కుట్టుమిషన్ వేగంగా తొక్కినట్టు టకటకమంటుంది. కొత్త కారు శబ్దం పెడితే అతకదు. తర్వాత ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మోనో చేసి, 300 హెర్ట్జ్ కింద ఉన్న శబ్దాన్ని హై పాస్ ఫిల్టర్‌తో కోసెయ్యండి. చిన్న స్పీకర్ ఆ లోతు శబ్దాన్ని ఎలాగూ పలకలేదు, ప్రయత్నించి పగిలినట్టు గరగరలాడుతుంది. కోసేశాక మిగిలినదే స్పష్టంగా, పెద్దగా వినపడుతుంది. స్టార్టర్, ఇరవై సెకన్ల ఐడిల్, ఆగడం, అంతా కలిపి ఒకే ఫైలు చెయ్యండి.

స్పీకర్ని ఊరికే గాల్లో వదిలేస్తే దోమ గొంతే. కోన్ ముందు గాలి, వెనక గాలి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పీఠం పై పలకలో, కారు వెనక భాగం కింద సరిగ్గా ఇంజన్ ఉండే చోట, పది పన్నెండు సన్న రంధ్రాలు తొలిచి, లోపలి నుంచి స్పీకర్ని చుట్టూ గాలి పోకుండా అతికించి, దాని వెనక ఒక చిన్న ప్లాస్టిక్ మూత బోర్లించి సీల్ చెయ్యండి. మందులసీసా మూత సైజు కుదిరితే అదే. మొదటిసారి వింటే అదే స్పీకరా అని అనుమానం వస్తుంది. బీటిల్ ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి శబ్దం అక్కడి నుంచే రావాలి. ముందు బానెట్ కింద ఉన్నది డిక్కీ, అక్కడ నుంచి ఇంజన్ మోగితే సామాను అరిచినట్టుంటుంది.

కరెంటు

పీఠం వెనక యూఎస్‌బీ సాకెట్ పెట్టి ఫోన్ ఛార్జర్‌తో నడపండి, ఇదే నా సలహా. పవర్ బ్యాంక్ వద్దు. లైట్లు తీసుకునే కరెంటు మరీ తక్కువ కావడంతో ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. సర్క్యూట్‌లో తప్పేమిటో అని గంటలు వెతుక్కుంటారు.

తీగ లేకుండానే కావాలంటే చిన్న లిథియం బ్యాటరీ, టీపీ4056 ఛార్జింగ్ బోర్డు ఉన్నాయి. కానీ ఆ బోర్డు వచ్చేటప్పుడు దాని మీద 1.2కె రెసిస్టర్ ఉంటుంది, అంటే 1 ఆంపియర్‌తో ఛార్జ్ చేస్తుంది. 300 మిల్లీ ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీకి అది ప్రమాదం. ఆ రెసిస్టర్ తీసి 10కె పెడితే 130 మిల్లీ ఆంపియర్లకి తగ్గుతుంది. ఈ మార్పు చెయ్యడం రానంతవరకు లిథియం జోలికి పోవద్దు.

బిగించే ముందు ఒకసారి, సగం స్క్రూలు పెట్టాక ఇంకోసారి, పూర్తయ్యాక మళ్లీ ఒకసారి మల్టీమీటర్ని బీప్ మీద పెట్టి, ఒక మొన బాడీ మీద పెయింట్ లేని చోట, రెండో మొన ఒక్కో తీగ మీద పెట్టండి. ఎక్కడా బీప్ రాకూడదు. వస్తే ఎన్నో స్క్రూ బిగించాక వచ్చిందో తెలుస్తుంది కాబట్టి ఎక్కడ నొక్కుకుందో వెతకడం తేలిక.

చిన్న కార్ల సంగతి

1:64లో స్క్రూలుండవు, రివెట్లుంటాయి. 3 మి.మీ. పైన ఉన్న బిట్‌తో రివెట్ తల తొలిచేస్తే అడుగు ఊడుతుంది. హెడ్‌లైట్ దగ్గర ఎల్‌ఈడీకి చోటు ఉండదు. 0.75 మి.మీ. ప్లాస్టిక్ ఫైబర్ ఆప్టిక్ తీగ వాడి, పీఠంలో ఒకే ఎల్‌ఈడీ పెట్టి వెలుతురుని పైకి పంపండి. కారులో కరెంటే లేదు, షార్ట్ బెంగా లేదు. ఫైబర్ కొసని వేడి ఐరన్‌కి దగ్గరగా, తాకించకుండా ఒక్క క్షణం ఉంచితే అది ఉబ్బి చిన్న లెన్స్‌లా తయారవుతుంది. మరీ మలుపు తిప్పితే మాత్రం అక్కడే వెలుతురు చచ్చిపోతుంది.

తాళం చెవి

ఇంజన్ బటన్‌ని పీఠం మీద పెట్టొచ్చు, నేనూ మొదట అలాగే పెట్టాను. తర్వాత తోచింది: జమాక్ అయస్కాంతానికి అంటుకోదు, అయస్కాంతాన్ని అడ్డుకోదు కూడా. అంటే లోహపు బాడీ లోపల రీడ్ స్విచ్ దాస్తే బయటి నుంచి పని చేస్తుంది. రీడ్ స్విచ్ అంటే సన్న గాజు గొట్టంలో రెండు ఇనుప రేకులు. అయస్కాంతం దగ్గరికొస్తే అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. దాన్ని డ్రైవర్ తలుపు ముందున్న సందులో ఇన్సులేషన్ టేపుతో అంటించి, రెండు తీగలు ఏడీకీ1కి, గ్రౌండ్‌కి కలపండి. కాళ్లు వంచేటప్పుడు గాజు దగ్గర పట్టకారుతో పట్టుకుని వంచండి, లేకపోతే గొట్టం చిట్లుతుంది. స్పీకర్‌లోనూ అయస్కాంతం ఉంది కాబట్టి రెండింటి మధ్య కనీసం నాలుగైదు సెంటీమీటర్లు ఉండాలి. అది వెనక, ఇది ముందు, కాబట్టి బీటిల్‌లో ఆ ఇబ్బంది లేదు.

ఒక పాత తాళం చెవికి బటన్ సైజు నియోడైమియం అయస్కాంతం అతికించండి. చెవిని తలుపు దగ్గరికి తెస్తే స్టార్టర్ రెండుసార్లు మూలిగి, ఇంజన్ అందుకుంటుంది.